నిండు పడవలో నీరసించే మోటారు

ఖాళీ పడవకి ఆ మోటారు పులి. జనం ఎక్కితే పిల్లి. సిలారుకి పట్టుకున్న బెంగ అదే.

రేవు నుంచి బయలుదేరేటప్పుడు ఏ పేచీ ఉండదు. తాడు ఒక్కసారి లాగితే చాలు, అందుకుంటుంది. ఏటి నడుమకి వచ్చాక, నిండు పడవకి కాస్త జోరు కావలసిన చోట, దాని గొంతు తగ్గిపోతుంది. పిడి ఇంకా తిప్పితే ఇంకా నీరసిస్తుంది. చివరికి రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. పడవ అడ్డం తిరిగి, నీటి పోటు ఎటు లాగితే అటు పోతుంది. కాసేపు ఊరుకుని మళ్ళీ తాడు లాగితే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ అందుకుంటుంది.

పని తెలియనివాడి చేతిలో ఇలా జరిగితే ఎవరూ పట్టించుకోరు. సిలారు పని తెలియనివాడు కాదు. కాకినాడ రేవులో ఏళ్ళ తరబడి పడవ మోటార్లు బాగుచేసిన మనిషి. చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడని అక్కడ పేరు. భార్య పోయాక అతనికి దేనిమీదా మనసు నిలవలేదు. పనిముట్లు ఒక సంచిలో వేసుకుని, గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఉన్న పీరులంకకి వచ్చి, అక్కడి దర్గాలో ఉండే బుర్హాన్ షా దగ్గర శిష్యుడిగా కుదురుకున్నాడు. అన్నీ వదులుకుని వచ్చానని చెప్పుకునేవాడు. ఆ పేరు మాత్రం వదల్లేదు. అది అతనికీ తెలియదు.

బుర్హాన్ షాని అందరూ బాబా అంటారు. మాట తక్కువ మనిషి. అడిగినదానికి జవాబు చెప్పడం కంటే, అడిగినవాడే వెతుక్కునేదాకా ఊరుకోవడం ఆయనకి అలవాటు. శిష్యులు దాన్ని గొప్పగా చెప్పుకుంటారు.

లంకకి వంతెన లేదు. గురువారం వచ్చిందంటే అవతలి కొత్తరేవు నుంచి జనం పడవ మీద వస్తారు. హిందువులూ, ముసల్మానులూ, చంటిపిల్లల తల్లులూ, దయ్యం పట్టిందని తీసుకొచ్చేవాళ్ళూ, ఊరికే వచ్చి కూర్చుని వెళ్ళేవాళ్ళూ అందరూ ఉంటారు. సాయంత్రం వాళ్ళని అవతల దింపే ఆఖరి పడవలో బాబా కూడా ఎక్కుతాడు. వచ్చినవాళ్ళని రేవుదాకా సాగనంపి రావడం ఆయన గురువు నాటి నుంచి వస్తున్న ఆచారం.

ఆ పడవ నడిపేవాడు కామాడి లోవరాజు. కొత్తరేవులో చేపలవాళ్ళ ఇంట పుట్టినవాడు. తెడ్డు వేసే రోజుల నుంచీ దర్గా పడవకి అతనే సరంగు. ఎవరో భక్తుడు మొక్కు తీరి మోటారు ఇచ్చాక, సిలారు దాన్ని పడవకి బిగించి, లోవరాజుకి నడపడం నేర్పాడు. పెట్రోలు కూడా లోవరాజే అవతలి బంకులో క్యానుతో పట్టించి తెచ్చేవాడు.

మొన్నటి ఉరుసు పండగ దాకా మోటారు బాగానే లాగింది. ఆ తరువాతే ఈ నీరసం మొదలైంది.

సిలారు ప్లగ్గు మార్చాడు. కార్బొరేటరు విప్పి కడిగాడు. నీళ్ళలో తిరిగే పంకాకి వలదారం చుట్టుకుందేమోనని చూశాడు. పెట్రోలు వడకట్టే జాలీ దులిపాడు. దర్గా వెనక పెద్ద డ్రమ్ములో నీళ్ళు పోయించి, మోటారుని దానికి తగిలించి, తన దగ్గరున్న చిన్న డబ్బాతో పెట్రోలు అందించి నడిపి చూశాడు. డ్రమ్ములో అది గంట కొట్టినట్టు నడిచింది. నడవదా మరి! డ్రమ్ములో అది మోయాల్సిన బరువేముంది?

పెట్రోలు ట్యాంకుని కూడా సబ్బునీళ్ళతో తళతళలాడేలా కడిగాడు. మూత మీద మాత్రం చెయ్యి పెట్టలేదు. ఉరుసులో గంధం గిన్నె నెత్తిన పెట్టుకునే భాగ్యం ఆ ఏడు అతనికి దక్కింది. ఆ గంధమే పడవ ముక్కుకీ, మోటారుకీ, ట్యాంకు మూతకీ తన చేత్తో పూశాడు. దర్గా గంధం ఒకసారి పూస్తే తుడవకూడదు, దానంతట అదే రాలిపోవాలి. పడవ ఎక్కేవాళ్ళు ఆ మూతని తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు కూడాను.

ఇంత చేసి మోటారు మళ్ళీ పడవకి బిగించిన గురువారం సాయంత్రం, ఆఖరి పడవ కిక్కిరిసి ఉంది. బాబా ఎప్పటిలాగే ముందు కూర్చున్నాడు. లోవరాజు మోటారు దగ్గర, అతని పక్కన సిలారు. ఏటి నడుమకి వచ్చేసరికి మోటారు గొంతు తగ్గింది. దగ్గింది. ఆగింది.

పడవ అడ్డం తిరిగింది. చంటిపిల్ల ఏడుపు అందుకుంది. కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన, మనిషి చెడ్డవాడు కాదు గానీ నోరు ఊరుకోదు, సిలారు వైపు తిరిగి నవ్వాడు.

"కాకినాడ మెకానిక్కు గారన్నారు! మా ఊళ్ళో నీళ్ళ మోటార్లు విప్పే కుర్రాడు నయవండి బాబూ!"

పడవలో సగం మంది నవ్వారు. నలుగురి ముందు నవ్వులపాలు కావడం ఎలా ఉంటుందో, పేరున్నవాడికే తెలుస్తుంది. సిలారుకి చెవులు వేడెక్కాయి. ఏదో ఒకటి చెప్పాలి, అదీ వెంటనే చెప్పాలి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అతని చూపు పోయి లోవరాజు కాళ్ళ దగ్గరున్న పెట్రోలు క్యాను మీద పడింది.

"మోటారుది తప్పు కాదండీ. పెట్రోల్లో కిరసనాయిలు కలిస్తే ఏ మోటారు లాగుతుంది? తెచ్చే చేతులు బాగుండాలి."

నవ్వులు ఆగిపోయాయి. పడవలో అందరి తలలూ లోవరాజు వైపు తిరిగాయి.

లోవరాజుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది.

"నేను కలపలేదండి సాయిబుగారూ."

"నువ్వు కలపక నేను కలిపానా?"

లోవరాజు బాబా వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు. ఏళ్ళ తరబడి ఒకే పడవలో కూర్చున్న మనిషి ఒక్క మాట అంటాడనే ఎదురుచూపు, అంతే. బాబా నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన చేతిలో తస్బీ పూసలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి.

లోవరాజు పాత తెడ్డు తీసి, పోటుకి ఎదురు వేస్తూ పడవని కొత్తరేవుకి చేర్చాడు. ముసలివాళ్ళని చెయ్యి పట్టి దింపాడు. పడవని మేకుకి కట్టి, ఏట్లో చేతులు కడుక్కుని, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి నడిచిపోయాడు.

ఖాళీ పడవని సిలారు తనే లంకకి నడుపుకొచ్చాడు. దారిలో మోటారు ఒక్కసారి కూడా దగ్గలేదు.

"నువ్వు చూశావా?" అన్నాడు బాబా, సగం దారిలో.

"ఏం బాబా?"

"కలపడం."

"చూడాలా బాబా? అతను కాక పెట్రోలు ముట్టుకునేవాళ్ళెవరు?"

బాబా మళ్ళీ తస్బీ తిప్పసాగాడు.

మరుసటి గురువారం లోవరాజు రాలేదు. ఆ పైవారమూ రాలేదు. తప్పు చెయ్యకపోతే అలా నోరు మూసుకుని పోతాడా అన్నారు కొందరు. పోట్లాడి ఉంటే, తప్పు చేసినవాడికే నోరెక్కువ అని ఉండేవాళ్ళు. లోకం తీరు అంతే.

సిలారు తనే స్వయంగా వెళ్ళి, వేరే బంకులో, కళ్ళముందు పట్టించుకుని పెట్రోలు తెచ్చాడు. నిండు పడవ ఎక్కించుకుని బయలుదేరాడు. ఏటి నడుమ మోటారు నీరసించింది.

ట్యాంకు అడుగున పాత పెట్రోలు మిగిలి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. ట్యాంకు ఒంపి, కడిగి, మళ్ళీ నింపాడు. మళ్ళీ అంతే.

ప్లగ్గు విప్పి చూశాడు. కిరసనాయిలు తాగిన మోటారు ప్లగ్గు మసి పట్టి నల్లగా ఉంటుంది. ఇది తెల్లగా, పొడిగా ఉంది. చాలినంత పెట్రోలు అందని మోటారు ప్లగ్గు అలా ఉంటుంది. లోవరాజుని మాట అనకముందు విప్పినప్పుడు కూడా అలాగే ఉంది. అప్పుడూ చూశాడు. చూసి పక్కన పెట్టాడు. అంతెందుకు, క్యానులోంచి ఒక చుక్క తీసి కాగితం మీద వేసి ఎండలో పెట్టినా సరిపోయేది. పెట్రోలైతే ఎగిరిపోతుంది, కిరసనాయిలైతే మరక ఉండిపోతుంది. కాకినాడలో పని నేర్చుకునే పిల్లలకి అతను మొదట చెప్పే పాఠం అదే. ఆ రోజు పడవలో అది అతనికి గుర్తే రాలేదు.

లోవరాజు కలపలేదని ఇప్పుడు తెలిసిపోయింది. వెళ్ళి ఆ మాట చెప్పాలి. కానీ ఏమని చెప్పాలి? నువ్వు కాదు, మరేమిటో నాకూ తెలియదు అనా? అసలు జబ్బు దొరకనీ, అది చేత పట్టుకుని వెళతాను అనుకున్నాడు. అలా అనుకుంటూ వారాలు జరిపేశాడు. తేలు కుట్టిన దొంగలా రేవులో తల దించుకుని జనాన్ని ఎక్కించుకునేవాడు. నడుమ ఆగిపోతే తెడ్డు వేసేవాడు. తెడ్డు వేసి వేసి అతని అరచేతులు బొబ్బలెక్కాయి.

ఒక ఉదయం అతను మళ్ళీ డ్రమ్ము దగ్గర మోటారు విప్పుతుంటే బాబా వచ్చి నిలబడ్డాడు.

"ఆగినప్పుడల్లా ఏం చేస్తావు?"

"ఒడ్డుకి చేర్చి విప్పి చూస్తాను బాబా."

"ఒడ్డున ఎలా ఉంటుంది?"

"బాగానే ఉంటుంది."

"బాగున్నప్పుడు చూసి ఏం కనిపెడతావు?"

సిలారు విప్పుతున్న మర మళ్ళీ బిగించేశాడు.

ఆ గురువారం ఆఖరి పడవలో బాబా ముందు కూర్చోలేదు. జనాన్ని దాటుకుంటూ వచ్చి, వెనక మోటారు పక్కన, పెట్రోలు ట్యాంకుకి ఆనుకుని కూర్చున్నాడు. పడవ ఎప్పటికంటే నిండుగా ఉంది. ఆ రోజున్న కొబ్బరికాయల వ్యాపారి కూడా ఉన్నాడు.

ఏటి నడుమ గొంతు తగ్గడం మొదలైంది. సిలారు చెయ్యి అలవాటుగా మోటారు ఆపడానికి పోయింది. బాబా ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపకు. మొయ్యలేకపోతున్నప్పుడే చూడు."

మోటారు ఈడుస్తోంది. సిలారు ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చెయ్యి పెట్రోలు గొట్టం మీద పెట్టి మోటారు నుంచి వెనక్కి తడుముకుంటూ వచ్చాడు. గొట్టం మధ్యలో ఒక రబ్బరు ఉండ ఉంటుంది. బయలుదేరే ముందు దాన్ని చేత్తో పిసికి మోటారుకి పెట్రోలు ఎక్కిస్తారు. నిండుగా, గట్టిగా ఉండాల్సిన ఆ ఉండ పీల్చేసిన తాటిముంజెలా చప్పిడైపోయి ఉంది. మోటారు లాగుతోంది, ట్యాంకు ఇవ్వడం లేదు.

అతను ట్యాంకు మూత తిప్పాడు. మూత వదులవుతూనే హుస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. రబ్బరు ఉండ ఉబ్బింది. మోటారు ఒక్కసారి గొంతెత్తింది. పడవ ముక్కు లేచింది. జనం హమ్మయ్య అన్నారు.

సిలారు మూత ఊడదీసి చూశాడు. ట్యాంకులోంచి పెట్రోలు ఎంత పోతే అంత గాలి లోపలికి రావాలి. అందుకు మూతకి సన్నటి బెజ్జం, దాని మీద ఒక మర ఉంటాయి. మర వదులుగానే ఉంది. అది అతను ఎన్నోసార్లు చూశాడు. దాని కింద బెజ్జంలోకి గంధం దిగి, ఎండి, రాయిలా బిగుసుకుపోయి ఉంది. కొద్ది పెట్రోలుతో నడిచే ఖాళీ పడవకి ఇబ్బంది లేదు. నిండు పడవ జోరు అడిగినప్పుడే ట్యాంకుకి ఊపిరాడలేదు. డ్రమ్ము దగ్గర పరీక్షించినప్పుడల్లా అతను వాడింది తన చిన్న డబ్బాని. ఈ ట్యాంకుని కాదు.

మూత మీద గంధంలో బొటనవేలి గీతలు ఇంకా తెలుస్తున్నాయి. ఎవరివో ఎవరినీ అడగక్కర్లేదు.

చేతిలో మూత పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తుడవాలంటే చెయ్యి రావడం లేదు. బాబా ఆ మూత అందుకున్నాడు. చినిగిన చాపలోంచి ఒక పుల్ల పీకి బెజ్జం పొడిచాడు. పైనున్న గంధం గోటితో గీకి, పడవ అంచు మీంచి వంగి ఏట్లో కడిగి, లుంగీ చెంగుతో తుడిచి ఇచ్చాడు. పడవలో ఒకరిద్దరు గాభరాగా చూశారు. ఆయన పట్టించుకోలేదు.

"అయితే కిరసనాయిలు కాదా నాయనా?" అంది ఒక ముసలామె.

"కాదమ్మా," అన్నాడు సిలారు.

"మరి ఆ లోవరాజు..." అని ఆగిపోయింది. కొబ్బరికాయల వ్యాపారి ఈసారి నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు.

రేవులో దిగాక సిలారు నేరుగా లోవరాజు ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో అతని భార్య వీరవేణి గంప ముందేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. సిలారుని చూసి లేవలేదు.

"లోవరాజు ఉన్నాడా అమ్మా?"

"ఐసు ఫ్యాక్టరీకెళ్ళారు. గడ్డలు మొయ్యటానికి." రొయ్య తల తుంచి గంపలో పడేసింది. "ఏం సాయిబుగారూ, ఇంకేవన్నా పోయిందా దర్గాలో?"

"లేదమ్మా. తప్పు నాది. అది చెప్పడానికే వచ్చాను."

ఆమె చేతులు ఆగాయి. కాసేపు అతని మొహం వైపు చూసింది.

"కాలు జారితే తీసుకోవచ్చండి, నోరు జారితే తీసుకోలేం. ఇప్పుడు మా ఆయన పేరేంటో తెలుసా మీకు? కిరసనాయిలు లోవరాజు. చిన్నపిల్లలు కూడా అలాగే పిలుస్తున్నారు. సముద్రం మీదికి వేటకెళ్తానంటే వల లాగడానికి రమ్మంటున్నారు గానీ, ఇంజను దగ్గరికి రానివ్వట్లేదండి. డీజిలు డబ్బా ముట్టుకుంటే ఓ కన్నేసి ఉంచుతున్నారంట. అందుకే మానేశారు."

సిలారు అరుగు మీద కూర్చుని లోవరాజు కోసం ఎదురుచూశాడు.

లోవరాజు వచ్చేసరికి పొద్దు వాలింది. భుజం మీది గోనెపట్టా ఇంకా నీళ్ళు కారుతోంది. సిలారుని చూసి ఒక్క క్షణం తడబడ్డాడు, తరువాత అలవాటుగా అన్నాడు.

"ఎంతసేపైందండి వచ్చి? టీ ఇచ్చిందాండి మా ఆవిడ?"

ఆ మర్యాద సిలారుని కొట్టినంత పని చేసింది. జరిగింది మొత్తం చెప్పాడు. బెజ్జం, గంధం, తన బొటనవేలు. లోవరాజు శ్రద్ధగా విన్నాడు. మోటారు సంగతి కదా, అంత బాధలోనూ అతనికి అది తెలుసుకోవాలనే ఉంది.

"గంధవాండి!" అని కొద్దిగా నవ్వాడు. "నేనైనా తుడిచేవోణ్ణి కాదులెండి."

"నన్ను క్షమించు లోవరాజూ."

"అయ్యో, ఎంత మాటండి. మీరు చెప్పారు, నేనిన్నాను. అయిపోయిందండి."

"అయితే వచ్చే గురువారం రా. ఆ పడవ నీది."

లోవరాజు గోనెపట్టా పిండి దండెం మీద ఆరేశాడు. ఆరేసిందాన్ని మళ్ళీ సర్దాడు.

"రానండి."

"కోపం పోలేదా?"

"కోపం కాదండి. క్యాను పట్టుకున్నప్పుడల్లా జనం నా చెయ్యే చూస్తారు. ఆళ్ళు చూడకపోయినా, చూస్తున్నారనే ఉంటది నాకు. అలాగ పడవ నడపలేనండి." ఇంకెటో చూస్తూ అడిగాడు. "బాబాగారు ఆయాల ఉన్నారు కదండి పడవలో?"

"ఉన్నారు."

"విన్నారు కదండి?"

"విన్నారు."

"మీరన్నది పడొచ్చండి. మీరొచ్చి ఎన్నాళ్ళైందని, నేనెలాంటోణ్ణో మీకేం తెలుస్తది? ఆయనకి తెల్సండి. ఆయనేమీ అనలేదు."

తిరిగి వస్తుంటే మోటారు హాయిగా నడిచింది. అప్పటిదాకా రేవులోనే ఆగిన బాబా ముందు కూర్చున్నాడు. సిలారు క్షమాపణ అడిగానని చెప్పాడు. రానన్నాడని చెప్పాడు. ఆఖరి మాట మాత్రం చెప్పలేదు. గురువు మీద మాట గురువుకెలా మోస్తాడు?

ఆ తరువాత సిలారు ఒక పని పెట్టుకున్నాడు. ప్రతి గురువారం, పడవ నిండగానే, లేచి నిలబడి చెప్పేవాడు: మోటారు ఆగింది పెట్రోలు వల్ల కాదు, నేను పూసిన గంధం వల్ల, లోవరాజు కిరసనాయిలు కలపలేదు, తప్పు నాది. చెప్పి కూర్చునేవాడు. చెప్పినప్పుడల్లా కాస్త తేలికగా ఉండేది.

అయితే ఆ రోజు పడవలో ఉన్నవాళ్ళు ఏయే ఊళ్ళవాళ్ళో, ఎటు పోయారో. ఇప్పుడు ఎక్కేవాళ్ళలో చాలామందికి అసలు సంగతే తెలియదు. లోవరాజెవరండీ, కిరసనాయిలేంటండీ అని పక్కవాళ్ళని అడిగేవాళ్ళు. పక్కవాళ్ళు తమకి తెలిసినంత, దానికి కాస్త కలిపి చెప్పేవాళ్ళు.

ఒక గురువారం వీరవేణి రేవుకి వచ్చింది. పడవ ఎక్కలేదు. సిలారుని పక్కకి పిలిచింది.

"మా ఆయన మిమ్మల్నో మాట అడగమన్నారండి. అలా చెప్పటం ఆపెయ్యమన్నారు. మొన్న పొరుగూరోడెవడో ఐసు ఫ్యాక్టరీకొచ్చి, పడవలో చెప్పేది నీ గురించేనా అన్నాడంట. ఇననోళ్ళు కూడా ఇంటున్నారండి."

ఆమె గొంతులో ఈసారి కోపం లేదు, అలసట ఉంది. చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం బాబా దర్గా అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. సిలారు వెళ్ళి ఎదురుగా కింద కూర్చున్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"చెబితే ఒక తప్పు, చెప్పకపోతే ఒక తప్పు. నేను పోగొట్టింది నేను తిరిగి ఇవ్వలేకపోతున్నాను బాబా. ఏం చెయ్యను?"

"అతనింటికి వెళ్ళావుగా. నిన్నేమన్నాడు?"

"నన్నేమీ అనలేదు."

"నన్ను?"

సిలారు తల దించుకున్నాడు. బాబా ఆగాడు. జవాబు వచ్చేదాకా ఆగడం ఆయనకి వచ్చిన విద్యే కదా. చివరికి సిలారు చెప్పాడు. బాబాగారికి తెలుసు, ఆయనేమీ అనలేదు అన్న మాట, లోవరాజు ఎలా అన్నాడో అలాగే చెప్పాడు.

బాబా చేతిలో తస్బీ ఆగింది.

"తెలుసు," అన్నాడు. "అతను కలపలేదని నాకు అప్పుడే తెలుసు."

సిలారు తలెత్తి చూశాడు.

"ఆ సాయంత్రం పడవ కదలబోయే ముందు, ట్యాంకులో పెట్రోలు పోసి వచ్చి, ఆ చేత్తోనే నాకు మంచినీళ్ళిచ్చాడు. కిరసనాయిలు వాసన అంత తొందరగా చేతిని వదలదు. అతని చేతికి ఆ వాసన లేదు."

"మరి ఎందుకు చెప్పలేదు బాబా?"

బాబా చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ఊరుకోవడం సిలారు ఎన్నోసార్లు చూశాడు. ఇలా చూడటం ఇదే మొదలు. ముసలాయన పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి.

"నీకై నువ్వు తెలుసుకోవాలని ఊరుకున్నాను. శిష్యుడికి పాఠం వస్తుందనుకున్నాను. వచ్చింది." ఎండలో మెరుస్తున్న ఏటి వైపు, అవతలి రేవు వైపు చూశాడు. "అతను నా శిష్యుడు కాడు. అతను నేర్చుకోవాల్సిందేమీ లేదు."

గోడకి ఆనించిన చేతికర్ర అందుకుని, మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచాడు.

"పడవ తియ్యి."

"ఎక్కడికి బాబా? ఇవాళ గురువారం కాదుగా. ఈ ఎండలో..."

"లోవరాజు దగ్గరికి. నువ్వు క్షమాపణ అడిగొచ్చావు. నేనింకా అడగలేదు."